సముద్రంలోని చిరుజీవుల మేత

గుంటూరు, ప్రకాశం మైదానాలు పత్తికీ, మిరపకూ ప్రసిద్ధి చెందినవి. ఈ మైదానాల తూర్పు అంచున బంగాళాఖాతం ఉంది. నిజాంపట్నం, సూర్యలంక, కొత్తపట్నం తీరాల నుండి పడవలు చేపల వేటకు బయలుదేరుతాయి. ఆ చేపలలో అనేక జాతుల పిల్లలకు తొలి ఆహారం జంతు ప్లవకాలు. అనగా ప్రవాహంతో పాటు కొట్టుకొనిపోయే చిన్న జంతువులు. వీటిలో కోపిపాడ్‌లు ఎక్కువ. ఇవి రొయ్యలకు దగ్గరి బంధువులు. చాలావరకు ఆవగింజ కంటె చిన్నవి.

కోపిపాడ్ ఆహారం తీసుకొనే తీరు విచిత్రమైనది. అంత చిన్న ప్రాణికి నీరు ఆముదంలాగా చిక్కగా ఉంటుంది. అందుచేత అది మేతను జల్లెడ పట్టినట్లు వడకట్టలేదు. నోటి చుట్టూ ఉన్న కుచ్చుల వంటి అవయవాలను ఆడించి నీటిని తనవైపు రప్పించుకొంటుంది. మేత దగ్గరకు రాగానే చుట్టూ ఉన్న నీటితో సహా పట్టుకొంటుంది. వేగంగా తీసిన చలనచిత్రాల ద్వారా 1980ల ఆరంభంలో ఈ సంగతి బయటపడింది. అయితే పట్టినదంతా అది మింగదు. కల్లంలో కూలీలు తాలుకాయలను ఏరివేసినట్లు, రుచి చూసి పనికిరాని దానిని వదలివేస్తుంది.

డయాటమ్‌లు అనే వృక్ష ప్లవకాలు దీనికి ముఖ్యమైన మేత. వాటి పెంకు సిలికాతో ఏర్పడుతుంది. రాళ్ళ నుండి కరిగిన సిలికాను నదులు సముద్రానికి చేరుస్తాయి. పొలాలకూ, ఈ మేతకూ సంబంధం ఇక్కడే ఉంది. పైరు తీసుకోగా మిగిలిన యూరియా వాన నీటితో కాలువలలోకీ, అక్కడి నుండి సముద్రంలోకీ పోతుంది. దానివల్ల నత్రజని పెరుగుతుంది కాని సిలికా పెరగదు. పైగా పెద్ద జలాశయాలు కొంత సిలికాను అడుగున నిలిపివేస్తాయి. కృష్ణపై నిర్మించిన నాగార్జునసాగర్ 1967 నుండి కుడి కాలువ ద్వారా ఈ మైదానాలకు నీరు ఇస్తున్నది. డాన్యూబ్ నది కలిసే నల్లసముద్రంలో ఇటువంటి కారణాల వల్లనే డయాటమ్‌ల స్థానంలో ఇతర శైవలాలు పెరిగాయని శాస్త్రజ్ఞులు గుర్తించారు. నీరు పచ్చగా కనబడినంత మాత్రాన మేత బలమైనదని చెప్పలేము.

మరి కోపిపాడ్ ఆకలితో ఉన్నదని ఎలా తెలుస్తుంది? సన్నని వలతో పట్టి, దాని కడుపులోని పత్రహరితాన్ని కొలుస్తారు. లేదా ఆడ కోపిపాడ్‌ను ఒక రోజు గాజుపాత్రలో ఉంచి గుడ్లు లెక్కిస్తారు. శీతల సముద్రాలలోని కొన్ని జాతులు నెలలకు సరిపడే కొవ్వును దాచుకొంటాయి. మన తీరంలోని చిన్న జాతులకు అంత నిల్వ ఉండదు. మేత తగ్గితే కొద్ది రోజులలోనే గుడ్లు తగ్గిపోతాయి. ఆ గుడ్ల నుండి వచ్చే పిల్లలే, నోరు ఇంకా పెరగని చేపపిల్లలకు పట్టే ఆహారం.