వృద్ధాప్యమున కంటిచూపు – రక్షక కణముల పాత్ర

అరువది యేండ్లు దాటినవారు చూపు మందగించగానే, "శుక్లములు కాబోలు, ముదిరిన పిమ్మట తీయించుకొందము" అని ఊరకుండుట సర్వసాధారణము. కాని చూపు నడిమి భాగము మసకబారి, తలుపు కమ్మి వంకరగా కనిపించినచో, దానికి కారణము సాధారణముగా శుక్లము కాదు. అది కంటిలోపలి తెరయైన రెటీనాకు కలిగిన వ్యాధి కావచ్చును.

రెటీనా నడుమ మాక్యులా అను ప్రదేశమున్నది. దాని వెడల్పు సుమారు 5 మిల్లీమీటర్లు మాత్రమే. అక్షరములు చదువుట, ముఖములు గుర్తుపట్టుట, సూదిలో దారమెక్కించుట దీనివలననే సాధ్యమగుచున్నవి. ఇచ్చట వెలుగును గ్రహించు కణములు ప్రతిదినము తమ కొనలను కొంత రాల్చుచుండును. క్రిందనున్న రంగు కణములు ఆ రాలినదానిని మ్రింగి జీర్ణించుకొనును. వయస్సు మీరినకొలది ఈ ఊడ్పు పని మందగించి, మిగిలిన క్రొవ్వు పదార్థము మొదలైనవి పసుపు చుక్కలుగా పేరుకొనును. వీనికి డ్రూసెన్ అని పేరు.

రక్షక కణముల ప్రమేయము ఇచ్చటనే ముఖ్యము. 1882లో రష్యా శాస్త్రజ్ఞుడు మెచ్నికాఫ్ నక్షత్రచేప పిల్ల దేహమున ముల్లు గ్రుచ్చి చూడగా, సంచరించు కణములు దానిచుట్టును మూగెను. దేహమున చొరబడిన వస్తువును చుట్టుముట్టి మ్రింగుట వాని స్వభావము. రెటీనాలోను ఇట్టి కాపరులు కలవు. వానిని మైక్రోగ్లియా అందురు. యౌవనమున ఇవి రెటీనా లోపలి పొరలలో నెమ్మదిగా నుండును. వార్ధక్యమున రెటీనా అడుగునకు చేరి, రక్తమునుండి వచ్చిన భక్షక కణములతో కూడి, వాపును పుట్టించు పదార్థములను విడుచును. శత్రువు లేని చోట సాగు ఈ యుద్ధమున నశించునవి వెలుగును గ్రహించు కణములే. కంచే చేను మేసినట్లగును.

రక్తమందలి కాంప్లిమెంటు అను మాంసకృత్తులును ఈ కలహమునకు తోడ్పడును. వీనిని అదుపుచేయు హెచ్ కారకపు జన్యువులోని ఒక మార్పు ఈ వ్యాధి భయమును పెంచునని 2005లో వెల్లడియైనది. పొగత్రాగుటయు అట్టిదే, జన్యువును మార్చుకొనలేము గాని చుట్టను మానవచ్చును.

వ్యాధి రెండు విధములు. పొడి విధము ఏండ్ల తరబడి మెల్లగా సాగును. 2023లో అమెరికాలో కాంప్లిమెంటును అడ్డు రెండు మందులకు అనుమతి లభించినది. అవి ముదిరిన దశలో క్షయమును మందగింపజేయునే గాని పోయిన చూపును తిరిగి ఈయజాలవు. తడి విధమున క్రొత్త రక్తనాళములు మొలచి కారును. చూపు కొన్ని వారములలోనే చెడవచ్చును. దీనికి కంటిలోనికిచ్చు సూదిమందులున్నవి. ఎంత త్వరగా మొదలుపెట్టిన అంత చూపు నిలుచును.

రెండు కండ్లతో చూచునప్పుడు మంచి కన్ను రెండవదాని లోపమును కప్పిపుచ్చును. కావున చదువు కండ్లద్దములు పెట్టుకొని, ఒక కంటిని అరచేత మూసి, గళ్ల కాగితమును రెండవ కంటితో చూడవలెను. పిదప కన్ను మార్చవలెను. గీతలు వంగినట్లు గాని, నడుమ చెరిగినట్లు గాని తోచినచో, వెంటనే నేత్రవైద్యునిచే రెటీనాను పరీక్ష చేయించుకొనవలెను.