జొన్న పేలాలు – ఇంటిల్లిపాదికీ చిరుతిండి

ఆషాఢ శుద్ధ ఏకాదశిని తొలి ఏకాదశి అందుము. ఆనాడు జొన్నలను పేలాలుగా వేయించి, బెల్లముతో దంచి, దేవునికి నివేదించి ఇంటిల్లిపాదీ తినుట తెలంగాణ పల్లెల ఆచారము. మా కొంపల్లిలో నేడు ఈ పేలాల పిండిని పొట్లముగా దుకాణములో కొనువారే తరచుగా కనిపింతురు. చిటికెడు ప్రసాదముగా నోట వేసికొని, మిగిలినది అలమరలో పెట్టి మరచిపోవుదురు. మరునాడు పిల్లల బడిసంచిలో మరల చిప్సు పొట్లమే చేరును.

ఒకప్పుడు మేడ్చల్ దారి ప్రక్కల ద్రాక్షతోటలు, మెట్టచేలు ఉండెడివి. ఇప్పుడక్కడ అంతస్తుల మేడలు లేచినవి. పాత జొన్న రకములను చేనిపై చూడగోరువారు జహీరాబాదు వైపు పోవలెను. అక్కడ పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘముల వారు పాత విత్తనములను ఇండ్లలో దాచి కాపాడిరి. ఎడ్లబండ్లపై వాటినుంచి పాత పంటల జాతర పేర ఊరూరా చూపిరి. వారికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము వారి ఈక్వేటర్ బహుమతి లభించినది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చిన పిమ్మట పేదవాని కంచములో సైతము జొన్న తగ్గుచు వచ్చినది. ఆ బియ్యము ఆకలి తీర్చినది, దానిని తప్పు పట్టను. కాని జొన్న వండు తీరు తెలిసిన చేతులు కూడ దానితోపాటే తగ్గినవి.

2023 అంతర్జాతీయ చిరుధాన్యముల సంవత్సరమైనది మొదలు, నా వద్దకు వచ్చువారు "జొన్న మంచిదేనా?" అని అడుగుట ఎక్కువైనది. ఎవరికి, ఏ విధముగా వండినది అని నేను తిరిగి అడుగుదును. భావప్రకాశము జొన్నను యావనాలమను పేర పేర్కొన్నది. ఇది మధుర కషాయ రసములు గలది, చలువ చేయునది, లఘువు, రూక్షము. కఫ పిత్తములను తగ్గించును. రూక్షమగుటచే, నెయ్యి నూనెల తోడు లేనిచో వాతమును పెంచును. ఈ చివరి మాటను పొట్లములపై ఎవరును అచ్చువేయరు.

నేనును ఒకమారు దీనిని మరచితిని. మధుమేహము గల ఒక వృద్ధురాలికి రాత్రి అన్నము మాని జొన్నరొట్టె తినుమని చెప్పితిని. నెల తిరుగకముందే ఆమె వచ్చి, "షుగరు సంగతేమో గాని అయ్యా, మూడు దినాలకొక్కసారి గూడ కడుపు కదుల్తలేదు" అనినది. విచారింపగా, నెయ్యి కూడ మధుమేహమునకు పడదని తలచి మానివేసి, ఎండు రొట్టెను కారపుపొడితో తినుచున్నదని తెలిసినది. తప్పు ఆమెది కాదు. రొట్టెతో పలుచని పప్పు, ఆకుకూర, చెంచాడు నెయ్యి ఉండవలెనని నేను చెప్పలేదు.

తొలి ఏకాదశి పిండిలో పెద్దలు ఈ దోషమునకు విరుగుడు ముందే కలిపి ఉంచిరి. వర్షఋతువున జఠరాగ్ని మందగించును, వాతము ప్రకోపించును. పేలాలుగా పేలిన ధాన్యము లఘువు గనుక మందాగ్నికి బరువు కాదు. బెల్లము, నెయ్యి, శొంఠి వాతమును అణచును. ఏ ఒక్కటి తీసివేసినను ఆ పొందిక చెడును. దుకాణపు పొట్లమున నేతికి బదులు మరేదైన నూనె ఉన్నదా, బెల్లమునకు బదులు చక్కెర ఉన్నదా అని చదివి చూచుకొనవలెను.

పేలుట యనగా గింజలోని తేమ ఆవిరియై, గట్టి పైపొట్టును ఒక్కసారిగా పగులగొట్టుట. పొట్టు చెక్కుచెదరక ఉన్ననే ఆవిరి లోపల నిలుచును. కావున పాలిష్ పట్టిన జొన్న పేలదు. చిన్నదియు గట్టిదియు అగు గింజను ఎంచుకొనవలెను, పిండి గింజ సరిగా పేలదు. పావుకిలో జొన్నలపై కొద్దిగా నీరు చిలుకరించి, గుడ్డలో మూటకట్టి రెండు మూడు గంటలుంచి, నీడన ఆరబెట్టవలెను. మా గురుకులములో మంగలమున వేయించెడివారు, ఇప్పటి వంటయింట దళసరి ఇనుప మూకుడు చాలును. మూకుడు బాగుగా కాగిన తరువాత పిడికెడు మాత్రమే వేసి, మూతపెట్టి కదుపుచుండవలెను. ఆశపడి ఎక్కువ వేసిన మాడును గాని పేలదు. పేలని గింజలను జల్లించి తీసివేయవలెను, అవి పండ్లకు చేటు.

పేలాలను దంచి, రెండు గిన్నెల పిండికి ఒక గిన్నె బెల్లపు తురుము, నాలుగు యాలకులు, అరచెంచా శొంఠిపొడి, రెండు చెంచాల కరగిన నెయ్యి కలుపవలెను. చేతితో నొక్కిన ముద్దకట్టునంత నెయ్యి ఉండవలెను. పొడిపిండి గొంతున పడి పొలమారును గనుక పసివారికి పాలతో తడిపి మెత్తగా చేసి మాత్రమే ఇయ్యవలెను. బడికి పోవు పిల్లలకు సాయంకాలము చిన్న నిమ్మకాయంత ఉండలు రెండు చాలును.

మధుమేహము గలవారికి ఈ బెల్లపు పిండి తగదు, బెల్లము కూడ చక్కెర జాతిదే. వారు పేలాలకు నేతిపోపు, కరివేపాకు, వేయించిన పల్లీలు, కొద్దిగా ఉప్పు చేర్చి పిడికెడు తినవచ్చును. అంతకు మించరాదు, ఏలనగా పేలిన ధాన్యము త్వరగా జీర్ణమై త్వరగానే రక్తములో చక్కెర యగును. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారము 100 గ్రాముల జొన్నలో పీచు, మాంసకృత్తులు దాదాపు పదేసి గ్రాములున్నవి. పాలిష్ బియ్యములో పీచు మూడు గ్రాములకు లోపే. ఈ లాభము పొట్టుతో కూడిన గింజకే చెందును.

ఇంకొక హెచ్చరిక చేయక తప్పదు. పెసలవలె జొన్నలను కూడ మొలకెత్తించి పచ్చిగా తినుట కొందరు మొదలిడిరి. ఇది ప్రమాదకరము. జొన్న మొలకలో, లేత మొక్కలో సయనైడును పుట్టించు పదార్థమున్నది. లేత జొన్న మేసిన పశువు నేలకూలుట రైతులెరిగినదే. గింజకు ఈ దోషము లేదు.

మొలలు గలవారు, మలబద్ధకముతో కృశించినవారు జొన్నను గట్కగా వండి మజ్జిగతో త్రాగుట మేలు. పేలాలు వారికి ఇంకను పొడి చేయును. తక్కిన ఇంటివారికి చేసిన పిండిని గాలి సోకని డబ్బాలో ఉంచి వారములోపల వాడవలెను. పిండి చేయక మిగిల్చిన పేలాలు వానల తేమకు మెత్తబడినచో మూకుడులో ఒకమారు వెచ్చజేసిన మరల కరకరలాడును.