ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ డిస్క్ పడే పాట్లు

మదనపల్లె నుంచి హార్స్‌లీ హిల్స్ ఎక్కేటప్పుడు కష్టం ఇంజిన్‌ది, దిగేటప్పుడు బ్రేకులది. 1,000 కిలోల కారు 500 మీటర్ల ఎత్తు దిగితే 49 లక్షల జౌల్స్ శక్తి వదులుతుంది. 15 లీటర్ల నీళ్లు మరగబెట్టేంత వేడి! పెడల్ మీదే కాలు పెట్టి దిగితే అందులో చాలావరకు డిస్కులకే ఎక్కుతుంది. అవి మరీ కాలితే ప్యాడ్‌ల పట్టు తగ్గి, ఎంత తొక్కినా బండి సరిగా ఆగదు.

పుంగనూరు, కుప్పం నుంచి చిత్తూరు వెళ్లేవాళ్లకి మొగిలి ఘాట్‌లోనూ ఇదే లెక్క. తక్కువ గేర్‌లో దిగండి, ఇంజినే బండిని పట్టుకుంటుంది. పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్ వేస్తారు కొందరు. ఇప్పటి ఇంజిన్లు గేర్‌లో దిగేటప్పుడు పెట్రోల్ తీసుకోవడమే దాదాపు ఆపేస్తాయి, ఇంకేం మిగులుతుంది?

బ్రేక్ తొక్కితే పెడల్ అదిరినా, కీచుమన్నా మెకానిక్‌తో డిస్క్ మందం కొలిపించండి. కనీస మందం చాలా డిస్కుల మీదే రాసి ఉంటుంది. దిగగానే వేడి డిస్క్ మీద నీళ్లు మాత్రం కొట్టొద్దు, వంకర పోవచ్చు.