ఇసుక లీజు దరఖాస్తు, ఊరి మంచినీరు

గౌతమీ వశిష్ఠ శాఖల నడుమ, వైనతేయ పారు కోనసీమలో, ఏటియొడ్డున నాలుగైదు హెక్టార్ల ఇసుక ర్యాంపునకు ఎవరైన దరఖాస్తు పెట్టుకొనినపుడు, ఇంత చిన్న లీజువలన ఊరి నీటికి ఏమి హాని కలుగును, కలిగినను అడ్డుచెప్పుటకు మనకెక్కడి అధికారమని గ్రామస్థులు మిన్నకుండుట కద్దు. ఈ మౌనమునకు కారణము చట్టము తెలియకపోవుటయే గాని, చట్టములో లోపము కాదు.

ముందుగా ఇచ్చటి నీటి స్వభావమును గ్రహింపవలెను. కొత్తపేటనుండి అమలాపురము మీదుగా సముద్రతీరమును సమీపించిన కొలది, భూగర్భమున ఉప్పునీటిపై మంచినీరు పాలమీది మీగడవలె పలుచగా తేలియుండును. వరదనీటిని పీల్చుకొని, వేసవిలో కాలువలు కట్టివేసిన పిదపను లంకగ్రామముల నూతులకు నీరందించునది ఏటి ఇసుకయే. సముద్రమట్టముపై మంచినీరు ఒక్క అడుగు తగ్గినచో క్రిందనున్న ఉప్పునీరు సుమారు 40 అడుగులు పైకి రాగలదని భూగర్భజల శాస్త్రము చెప్పు స్థూలసూత్రము. ఏటి అడుగు దిగిన కొలది సముద్రపు పోటునీరు మరింత ఎగువకు ఎక్కివచ్చును. ఒకసారి ఉప్పెక్కిన నూతిని బాగుచేయుటకు ఏండ్లు పట్టును. కొబ్బరితోట అంతకాలము నిలువదు. కావున ఇచ్చట తవ్వకపు వైశాల్యముకంటె లోతే ముఖ్యమైన ప్రశ్న.

చిన్న లీజులకు పర్యావరణ అనుమతితో పనిలేదను వాదమును సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో త్రోసిపుచ్చినది. పెద్ద విస్తీర్ణమును 5 హెక్టార్లకు లోబడిన ముక్కలుగా విడదీసి పరిశీలనను తప్పించుకొనుట జరుగుచున్నదనియు, ఆ ముక్కలన్నియు కలిసి నదికి, భూగర్భజలమునకు కలిగించు హాని విడివిడిగా చూచినవారికి కనబడదనియు గుర్తించి, 5 హెక్టార్లకు తక్కువైనను చిన్నతరహా ఖనిజపు లీజునకు పర్యావరణ అనుమతి తప్పనిసరియని ఆదేశించినది. తరువాత 2016 జనవరి 15 నాటి కేంద్ర నోటిఫికేషను ప్రకారము, ఒక లీజు హద్దునకును మరియొకదాని హద్దునకును నడుమ 500 మీటర్లకు తక్కువ దూరమున్నచో వాటిని ఒక సముదాయముగా లెక్కింపవలెను. అట్లు కలిపిన విస్తీర్ణము 5 హెక్టార్లు దాటినపుడు ప్రభావ మదింపును, ప్రజాభిప్రాయ సేకరణను తప్పింపరాదని జాతీయ హరిత ట్రిబ్యునలు 2018 సెప్టెంబరు 13న స్పష్టముచేసినది. కనుక మీ ఊరి ర్యాంపు ఎంత అని మాత్రమే అడిగి ఊరకుండక, ఎగువను దిగువను ఇంకెన్ని ర్యాంపులు ఉన్నవో, వాటి హద్దులు ఎంత దూరమో కూడ అడుగుడు.

హాని కలుగునని శాస్త్రీయముగా నిరూపించు భారము మామీద మోపుదురేమోయను భయము చాలమందికి కలదు. హైదరాబాదునకు నీరిచ్చు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయముల పరీవాహకమున నూనెల కర్మాగారము పెట్టదలచినపుడు, ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికిని ఆ కర్మాగారమునకును నడుమ వచ్చి, నాయుడు కేసుగా పేరుబడిన వివాదములో, 1999లో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఈ భయమునకు సమాధానము: పరిసరమును మార్చదలచినవాడే తన పని నిరపాయకరమని చూపవలెను. త్రాగునీరు జీవించు హక్కులోని భాగమేయని అదే వివాదములో 2000 సంవత్సరపు తీర్పు దృఢపరచినది. నా దృష్టిలో కోనసీమ రైతు కంఠస్థము చేయదగిన తీర్పులు ఇవియే.

ఇక ఆచరణ. దరఖాస్తు పెండింగులో ఉన్నపుడే కదలవలెను. జిల్లా గనుల శాఖ కార్యాలయమున 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు ఇచ్చి, మైనింగు ప్లానును, జిల్లా సర్వే నివేదికను, వరదతో ఏటా ఎంత ఇసుక తిరిగి మేటవేయునో తేల్చిన అధ్యయనమును కోరుడు. 30 దినములలో సమాధానమీయవలెను. ఇంతలో నూతుల, బోర్ల నీటిని గ్రామీణ నీటిసరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించి, తేదీతో కూడిన నివేదిక దగ్గరనుంచుకొనుడు. లీటరులో కరిగిన లవణములు 500 మిల్లీగ్రాములు మించరాదనియు, వేరు నీటివనరు లేనిచోట 2000 వరకు సహింపవచ్చుననియు భారత ప్రమాణము. తవ్వకమునకు ముందటి అంకె లేనివాడు తరువాతి నష్టమును ఏ కోర్టులోను చూపలేడు.

అర్జీలో ఆవేశము తగ్గించి ప్రశ్నలు పెంచుడు. తవ్వుట ఎంత లోతు, ఆ లోతు వేసవి నీటిమట్టమునకు పైననా క్రిందనా? లారీల దారిపై దుమ్మణచుటకు చల్లు నీరు ఏ బోరునుండి తెచ్చెదరు? 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టము క్రింది నియమావళి వంతెనలకును, త్రాగునీటి, సాగునీటి బోర్లకును 500 మీటర్ల లోపల ఇసుక తవ్వకమును నిషేధించినది. సవరణలతో కూడిన ప్రతిని చూచి, మీ బోరునకు ర్యాంపునకు గల దూరమును కొలిపించి వ్రాయుడు. ఈ అర్జీని కలెక్టరునకు, గనుల శాఖకు, రాష్ట్రస్థాయి పర్యావరణ ప్రభావ మదింపు సంస్థకు రిజిస్టరు తపాలాలో పంపి, పంచాయతీ తీర్మానమును జతపరచుడు. బహిరంగ విచారణ జరిగినచో దానికి కనీసము 30 దినముల ముందు పత్రికాప్రకటన ఈయవలెను; సభలో మీరు చెప్పినది నమోదైనదో లేదో, కార్యక్రమ వివరణను తెలుగులో చదువునపుడు చెవియొగ్గి వినుడు.

అన్నియు కాదని అనుమతి ఇచ్చివేసినచో, ఉత్తర్వు తెలిసిన 30 దినములలో చెన్నైలోని హరిత ట్రిబ్యునలు దక్షిణమండల ధర్మాసనమునకు అప్పీలు చేయవలెను. తగిన కారణము చూపినపుడు మరి 60 దినములు మాత్రమే గడువు పెంచుదురు, ఆపైన ఒక్క దినమైనను లేదు. స్త్రీలకును, షెడ్యూల్డు కులముల, తెగల వారికిని ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచిత న్యాయసహాయము లభించును. 15100 సంఖ్యకు ఫోనుచేసి అడుగవచ్చును. మీ మండలమున లీజు దరఖాస్తు ఏదైన నడుచుచున్నదేమో ఈ వారమే కనుగొనుడు; ఉన్నచో ముందుగా నూతినీటి పరీక్ష చేయించుడు.