గేదెదూడ బరువు: రేపటి పాడికి పునాది

నేటి పడ్డదూడయే రేపటి పాడిగేదె అని రైతు సోదరులందరికిని తెలిసినదే. అయినను గేదె ఈనిన తొలి నెలలలో పాలన్నియు పిండుకొని, దూడను వట్టి పొదుగునకు విడుచుట పల్లెలలో నేటికిని కలదు. అమ్మిన పాల డబ్బు చేతికి వచ్చును. దూడ కోల్పోయిన బరువు మాత్రము కంటికి కనిపించదు.

పడ్డ ఎదకు వచ్చుట వయస్సు కంటె బరువుపై ఎక్కువగా ఆధారపడును. ముర్రా పడ్డ సుమారు 300 నుండి 350 కిలోలు తూగినప్పుడు చూడి కట్టించుటకు తగును. చిన్ననాడు చిక్కిన దూడకు ఆ బరువు చాల ఆలస్యముగా వచ్చును. అంతకాలము పాలివ్వని పశువును మేపవలసియుండును. కావున దూడను కొలిచి, బరువును బట్టి మేపవలెను.

కొలుచు విధము

ముర్రా దూడ పుట్టినప్పుడు సుమారు 30 కిలోలుండును. చిన్న దూడను ఎత్తుకొని కాటాపై నిలిచి, మొత్తము నుండి మన బరువు తీసివేసిన దాని బరువు తెలియును. పెరిగిన దూడకు కొలత టేపు చాలును. ముందుకాళ్ల వెనుక ఛాతి చుట్టుకొలతను, భుజపు మొన నుండి పిరుదు ఎముక చివర వరకు పొడవును అంగుళములలో తీసికొనుడు. చుట్టుకొలతను అదే అంకెతో హెచ్చించి, మరల పొడవుతో హెచ్చించి, 660 చే భాగించినచో బరువు ఇంచుమించుగా కిలోలలో వచ్చును. చుట్టుకొలత 36, పొడవు 30 అంగుళములైనచో 36×36×30 = 38,880. దీనిని 660 చే భాగించిన సుమారు 59 కిలోలు.

15 రోజులకొకసారి, ఉదయము పాలు త్రాగక ముందే కొలిచి వ్రాసి యుంచుడు. రోజుకు 400 నుండి 500 గ్రాములు, అనగా ఒక్కొక్క కొలతకు 6, 7 కిలోలు పెరిగినచో దూడ చక్కగా ఉన్నట్లే.

మేపు విధము

1. పుట్టిన రెండు గంటలలోపల ముర్రుపాలు త్రాగించవలెను. మావి పడువరకు ఆగరాదు. ముర్రుపాలలోని రోగనిరోధక పదార్థములను గ్రహించు శక్తి దూడ ప్రేగులకు గంటగంటకు తగ్గి, ఒక దినములో పోవును.

2. రోజుకు పాలు మొదటి నెల బరువులో పదవ వంతు, రెండవ నెల పదునైదవ వంతు, మూడవ నెల ఇరువదవ వంతు ఇవ్వవలెను. రెండవ నెలలో 45 కిలోల దూడకు 3 లీటర్లు కావలెను. ఒకేసారి అధికముగా త్రాగించిన పారుడు పట్టును. కావున రెండు మూడు విడతలుగా, గోరువెచ్చగా ఇవ్వుడు.

3. రెండవ వారము నుండి గుప్పెడు దూడల దాణా, లేత పచ్చగడ్డి, మంచినీరు అందుబాటులో ఉంచుడు.

4. ఏలికపాముల పిల్లలు తల్లిపాల ద్వారానే దూడకు చేరును. కనుక 10 నుండి 16 రోజుల వయస్సులో పశువైద్యుని సలహాపై మందు త్రాగించవలెను. మందు మోతాదు కూడ బరువును బట్టియే యుండును.

కంటిని మాత్రమే నమ్మరాదు

పొట్ట పెద్దదైన దూడ బలిసినదని భ్రమపడరాదు. వెన్ను తేలి, వెంట్రుకలు రేగి, పొట్ట వ్రేలాడుచున్నచో అది పాముల లక్షణము కావచ్చును. వరుసగా రెండు కొలతలలో బరువు పెరగనిచో పశువైద్యునికి చూపవలెను. అట్లే ఎదుగుచున్న పడ్డకు దాణా మితిమీరి పెట్టిన, పొదుగులో కొవ్వు చేరి పాల దిగుబడికి నష్టము కలుగును.

గ్రామాధికారులు, పాలసంఘముల వారు పాలకేంద్రము వద్ద ఒక కొలత టేపును, ఒక పుస్తకమును ఉంచినచో ఊరి దూడలన్నిటి పెరుగుదల తెలియును. ఖర్చు స్వల్పము, కాపాడబడు ప్రతి దూడయు ఒక ఇంటి పాడి.