పాలు ఎటు పోయాయి?

పిల్లలూ! కరోల్ బాగ్‌లో అజ్మల్ ఖాన్ రోడ్డు మీద నడిచేటప్పుడు దుకాణాల గుమ్మాల వైపు ఒకసారి చూడండి. ఒక నిమ్మకాయ, కొన్ని పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి వేలాడదీసి ఉంటాయి. దిష్టి తగలకుండా అంటారు. సెలవులకు మన ఊళ్లకు వెళితే ఎన్నో గుమ్మాలకు బూడిద గుమ్మడికాయ కనిపిస్తుంది. అదీ దిష్టికే. మరి దిష్టి ఒకటే అయినప్పుడు, ఢిల్లీలో నిమ్మకాయకు, విజయవాడలో గుమ్మడికాయకు ఎందుకు భయపడుతుంది?

ఈ ప్రశ్న మీకే ముందుగా తట్టాలి. ఒకే ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు తమ ఊరి అలవాటే లోకమంతటి నియమంలా కనిపిస్తుంది. నాన్నకో అమ్మకో బదిలీ అయిన ప్రతిసారీ బడి మారే మీరు (మాదీ అదే బతుకు) నాలుగు ఊళ్ల నమ్మకాలను పక్కపక్కన పెట్టి చూడగలరు.

ఊరు మారితే మారేవన్నీ నమ్మకాలే కావు. మీ తరగతిలో లేహ్ నుంచి వచ్చినవారుంటే, అక్కడ కుక్కర్ లేకుండా పప్పు ఉడకడానికి ఎంతసేపు పట్టేదో అడగండి. సుమారు 3,500 మీటర్ల ఎత్తున గాలి పీడనం తక్కువ. అందువల్ల నీళ్లు దాదాపు 88 డిగ్రీలకే మరిగిపోతాయి, పప్పు మాత్రం ఉడకదు. ఈ మార్పుకు కారణం చెప్పవచ్చు, థర్మామీటరు పెట్టి చూపవచ్చు. నిమ్మకాయ గుమ్మడికాయగా మారిన సంగతిని అలా కొలిచి చూపినవాళ్లు మాకింతవరకు తారసపడలేదు.

"అయితే పరీక్షించి చూద్దాం" అన్నవాళ్లు తెలుగు నేల మీద ఎప్పటినుంచో ఉన్నారు. వృక్షశాస్త్రం బోధించిన గోపరాజు రామచంద్రరావును అందరూ గోరా అంటారు. ఆయన 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు. 1947లో అది విజయవాడకు మారింది. గర్భవతి గ్రహణం చూస్తే బిడ్డకు కీడు అనే భయాన్ని పోగొట్టడానికి ఆయన భార్య సరస్వతి, తాను గర్భవతిగా ఉన్నప్పుడే అందరి ఎదుట గ్రహణం చూశారు. బిడ్డకు ఏమీ కాలేదు. (సూర్యుణ్ని ఉత్త కళ్లతో చూస్తే కళ్లు దెబ్బతింటాయి. అది గర్భవతులకే కాదు, అందరికీ వర్తిస్తుంది.) 1988లో మొదలైన జన విజ్ఞాన వేదిక కూడా ఇలాంటి ప్రదర్శనలను ఊళ్లకు, బడులకు తీసుకువెళ్లింది.

ఇదంతా సరదా కోసం చేసిన పని కాదు. చేతబడి చేశారన్న అనుమానంతో నిరుపేదల పళ్లు ఊడగొట్టిన ఊళ్లున్నాయి, ప్రాణాలు తీసిన ఊళ్లున్నాయి. 1980లలో మెదక్ జిల్లాలో బాణామతి భయం పాకినప్పుడు నాస్తిక కేంద్రం వారు వైద్యులను వెంటబెట్టుకుని పల్లెలకు వెళ్లారు. జబ్బుపడ్డ మనిషికి మందు అందితే, పక్కింటి ముసలమ్మ మీద నింద పడదు.

ఇప్పుడు మళ్లీ ఢిల్లీకి వద్దాం. 1995 సెప్టెంబరు 21. అప్పటికి మేమే చిన్నవాళ్లం. ఢిల్లీలోని ఒక గుడిలో వినాయకుడు పాలు తాగుతున్నాడన్న మాట తెల్లవారేసరికి పుట్టింది. చేతిలో సెల్‌ఫోన్లు లేని ఆ రోజుల్లో కూడా అది ఒక్క రోజులోనే దేశమంతా పాకి, విదేశాల్లోని గుళ్లకూ చేరింది. చెంచాతో పాలు తొండానికి ఆనిస్తే నిజంగానే చెంచా ఖాళీ అయ్యేది. చూసినవాళ్లు అబద్ధమాడలేదు.

మరి పాలు ఎటు పోయాయి? కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి పట్టారు. రంగు విగ్రహం మీదుగా కిందికి జారడం కనిపించింది. చెంచాను నిండా నింపితే పాలు అంచు కంటే కాస్త ఉబ్బి నిలుస్తాయి. ద్రవం పైపొర బిగువుగా ఉండే ఈ గుణమే తలతన్యత. ఉబ్బిన పాలు తడి రాతిని తాకగానే దానికి అంటుకుంటాయి, పలుచని పొరగా కిందికి పారుతాయి. తెల్లని పాలరాతి మీద తెల్లని పాలపొర ఎవరి కంటికి కనబడుతుంది? దేవుణ్ని నమ్మాలా వద్దా అన్నది ఒక ప్రశ్న. పాలు ఎటు పోయాయన్నది వేరే ప్రశ్న. రెండోదానికి జవాబు చెప్పడానికి చిటికెడు రంగు చాలింది.

మన రాజ్యాంగంలో 1976లో చేర్చిన ప్రాథమిక విధుల్లో శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం ఒకటి. మీ సాంఘిక శాస్త్రం పుస్తకంలో చూడండి. అలాగని అమ్మమ్మతో వాదనకు దిగకండి, దుకాణాల ముందు నిమ్మకాయలు తెంపకండి.

కృత్యం: పిల్లి ఎదురొస్తే పని చెడుతుందంటారు కదా! నోటుపుస్తకంలో నాలుగు గళ్లు గీయండి. పిల్లి ఎదురై పని చెడిన రోజులు, పిల్లి ఎదురైనా పని జరిగిన రోజులు, పిల్లి ఎదురుకాకున్నా పని చెడిన రోజులు, రెండూ లేని రోజులు. మనకు సాధారణంగా గుర్తుండేది మొదటి గడి ఒక్కటే. అందుకే ఏ రోజుది ఆ రోజే రాయాలి. రెండు నెలల తర్వాత లెక్క కట్టండి. ఈలోగా బదిలీ వస్తే కొత్త ఊరి పిల్లులతో కొనసాగించి, ఊరి పేరు కూడా రాసి మాకు పంపండి.