విద్యుద్వాహనములు - ఛార్జింగు కేంద్రములు

విత్తు ముందా, చెట్టు ముందా యను ప్రశ్న రైతులకు క్రొత్తది కాదు. విద్యుద్వాహనముల విషయమునను ఇట్టి చిక్కే కలదు. ఛార్జింగు కేంద్రములు లేవని జనులు బండ్లు కొనరు. బండ్లు లేవని కేంద్రములు పెట్టువారు ముందునకు రారు. సభ్యులు మమ్ము తరచుగా నడుగునది బండి వెల కాదు, "త్రోవలో నాగిపోయిన గతి యేమి?" అనియే.

నార్వే దేశమున 2024 సం॥న అమ్ముడుపోయిన క్రొత్త కార్లలో నూటికి సుమారు 89 విద్యుత్తుతో నడుచునవి. అచ్చట ప్రభుత్వము పన్నులు తగ్గించుటయే గాక, రహదారుల పొడవునను కేంద్రములు ఏర్పడుటకు తోడ్పడెను. అయినను పెక్కుమంది యింటియొద్దనే ఛార్జి చేసికొందురు.

మన దేశమున ఛార్జింగు కేంద్రము పెట్టుటకు లైసెన్సు అక్కరలేదని 2018లో కేంద్ర ప్రభుత్వము స్పష్టపరచెను. 2024 అక్టోబరు 1న ఆరంభమైన పి.ఎం. ఇ-డ్రైవ్ పథకపు 10,900 కోట్ల రూపాయలలో 2,000 కోట్లు ఈ కేంద్రములకే కేటాయింపబడెను.

సంతకు పోయివచ్చు స్కూటరునకు ఇంటి ప్లగ్గు చాలును. 3 యూనిట్ల బ్యాటరీ ఒక్క రాత్రిలో నిండును. దూరము పోవు కారునకును, సరకుబండికిని మాత్రము త్రోవలో త్వరగా ఛార్జి చేయు కేంద్రముండవలెను.

కావున సంఘపు గోదామునొద్ద కేంద్రము పెట్టదలచినవారు, మొదట సభ్యుల బండ్లు దినమునకు ఎన్ని కిలోమీటర్లు తిరుగునో వారముపాటు వ్రాసికొనుడు. బండి కొనదలచినవారెందరో లెక్కించుడు. పంపుసెట్టు విద్యుత్తును బండికి వాడరాదు. ప్రత్యేకమైన మీటరు, మంచి ఎర్తింగు తప్పక యుండవలెను. ఒక్కనికి మించిన ఖర్చును పదుగురు పంచుకొనుటకే గదా సంఘమున్నది!